పెకింగ్ బీజింగ్ ఎప్పుడైంది? మారింది ఊరి పేరా, స్పెల్లింగా?

పాత_అట్లాస్
పాత మ్యాపులు పోగేసే పిచ్చి నాకు. ఈమధ్య వాటిని పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఒక చిక్కు కనిపించింది. 1920ల నాటి ఇంగ్లిష్ మ్యాపులో చైనా రాజధాని పెకింగ్. 1930ల మ్యాపులో అదే చోట పేపింగ్ అని ఉంది, రాజధాని గుర్తు కిందికి దిగి నాన్‌కింగ్ మీద కూర్చుంది. 1960ల స్కూలు అట్లాసులో మళ్లీ పెకింగ్. ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో బీజింగ్.
ఒక వాట్సాప్ గ్రూపులో అడిగితే, "బ్రిటిష్ వాళ్లకు నోరు తిరగక పెకింగ్ అన్నారు, స్వాతంత్ర్యం వచ్చాక చైనా వాళ్లు సరిచేసుకున్నారు, మద్రాసు చెన్నై అయినట్టు" అని ఒకాయన తేల్చేశారు. అంత తేలికైన వ్యవహారమైతే మధ్యలో ఈ పేపింగ్ ఎక్కడిది? అసలు జింగ్ అనే శబ్దాన్ని కింగ్ అని ఎవరైనా ఎలా వింటారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కొండపల్లి_బొమ్మ
మా సోషల్ మాస్టారు బోర్డు మీద 'పీకింగ్' అని రాసేవారు. వెనక బెంచీ నుంచి "సార్, రాజధానిలో అందరూ ఏం పీకుతారు సార్" అని ఒకడు అడిగాడు. పీరియడ్ అయ్యేదాకా వాడికి గోడ కుర్చీ. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

రాత్రి_డ్యూటీ
పత్రిక డెస్కులో పనిచేస్తాను కాబట్టి ఈ పేర్ల గొడవ నాకు రోజూ ఉండేదే. ముందు ఒక ముడి విప్పుదాం. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

ఒకటి, పెకింగ్ - బీజింగ్. ఇది పేరు మార్పు కాదు. చైనీయులు రాసేది అప్పుడూ ఇప్పుడూ అవే రెండు అక్షరాలు: ఉత్తరం, రాజధాని. మింగ్ వంశపు యోంగ్ల చక్రవర్తి 1403లో పెట్టిన పేరు అది, 1421లో రాజధాని అక్కడికి మారింది. దక్షిణ రాజధాని నాన్‌జింగ్, ఉత్తర రాజధాని బీజింగ్. ఇంగ్లిష్‌లో రాసే తీరు మాత్రం మారింది. చైనా ప్రభుత్వం 1958 ఫిబ్రవరిలో 'పిన్‌యిన్' అనే రోమన్ లిపి పద్ధతిని ఆమోదించింది. మొదట అది బడిపిల్లలకు ఉచ్చారణ నేర్పడానికే. 1979 జనవరి 1 నుంచి విదేశీ భాషల్లో తాము ప్రచురించే వాటన్నిటిలో పేర్లు ఆ పద్ధతిలోనే రాయాలని నిర్ణయించారు. అమెరికా, చైనా దౌత్య సంబంధాలు మొదలైందీ సరిగ్గా అదే రోజు. ఇక పెద్ద వార్తాసంస్థలు ఒకటొకటిగా కొత్త స్పెల్లింగుకు మారిపోయాయి.

కాబట్టి పోలిక మద్రాసుతో కుదరదు. కడపతో కుదురుతుంది. మనకు కడప ఎప్పుడూ కడపే. ఇంగ్లిష్‌లో 'కుడ్డపా' అని చదవాల్సి వచ్చే స్పెల్లింగును 2005లో తీసేశారు, అంతే. కడప వాళ్లెవరూ ఆ రోజు నుంచి తమ ఊరిని కొత్తగా పిలవలేదు.

రెండోది పేపింగ్. అది నిజంగా పేరు మార్పు.

పాత_అట్లాస్
కడప పోలిక బాగుందండీ. పేపింగ్ సంగతి కూడా చెప్పేయండి.

రాత్రి_డ్యూటీ
1928లో చియాంగ్ కై-షేక్ జాతీయవాద ప్రభుత్వం రాజధానిని నాన్‌జింగ్‌కు మార్చింది. రాజధాని కాని ఊరికి పేరులో 'రాజధాని' ఉంటే ఎలా? అందుకని బేపింగ్ అన్నారు, ఉత్తర శాంతి అని అర్థం. ఇది కొత్తగా కల్పించింది కాదు, 1368లో మింగ్ వంశం మొదలైనప్పుడు పెట్టిన పేరే. దాన్ని ఇంగ్లిష్‌లో పేపింగ్ అని రాశారు. 1937 నుంచి జపాన్ ఆక్రమణలో మళ్లీ పాత పేరు, వాళ్లు పోగానే మళ్లీ బేపింగ్. 1949 సెప్టెంబరు చివర్లో, కొత్త ప్రభుత్వం ప్రకటించడానికి కొద్ది రోజుల ముందు, కమ్యూనిస్టులు బీజింగ్ పేరు తిరిగి పెట్టారు.

అంటే మీ దగ్గర తేదీ లేని మ్యాపుంటే, పేపింగ్ అని ఉందా, నాన్‌కింగ్ రాజధానా అని చూస్తే చాలు, కాలం చాలావరకు పట్టేయొచ్చు.

ఖాళీ_కుర్చీ
ఆ లెక్క అన్నిటికీ పనికిరాదు బాబూ. తైవాన్‌లో అచ్చయిన మ్యాపులు 1949 తర్వాత కూడా పేపింగ్ అనే వేసేవి. వాళ్ల దృష్టిలో రాజధాని నాన్‌కింగే, కమ్యూనిస్టులు మార్చిన పేరు చెల్లదు. అమెరికా ప్రభుత్వానిదీ చాలాకాలం అదే పట్టు. 1960లలో వాళ్ల విదేశాంగ మంత్రి డీన్ రస్క్ పని గట్టుకుని 'పేపింగ్' అనేవాడు. పెకింగ్ అంటే అదే రాజధాని అని ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ల భయం. ఒక్క అక్షరం తేడాలో విదేశాంగ విధానం అంతా ఉండేది.

మా వయసు వాళ్లకు మాత్రం అది పెకింగే. రేడియో ముల్లు తిప్పుతుంటే వచ్చేది పెకింగ్ రేడియో. చేతులు మారుతూ వచ్చే పత్రిక పెకింగ్ రివ్యూ. 1967 జులైలో నక్సల్బరి మీద చైనా పార్టీ పత్రిక రాసిన సంపాదకీయాన్ని మన దగ్గర 'వసంత మేఘ గర్జన' అని చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ఎవరి నోటా బీజింగ్ అన్న మాట నేను వినలేదు. ఆ పత్రిక కూడా 1979 జనవరిలో బీజింగ్ రివ్యూ అయింది. పేరు చూసి వేరే పత్రిక అనుకున్నవాళ్లూ ఉన్నారు.

సరుకు_లారీ
నేను వ్యాపారం పని మీద గ్వాంగ్‌జౌ వెళ్తుంటాను. అక్కడి ఏజెంటు బీజింగ్‌ను 'పక్‌గింగ్' లాంటిదేదో అంటాడు. వాళ్లది కాంటనీస్ భాష కదా. బ్రిటిష్ వాళ్లు మొదట దిగింది కాంటన్ రేవులోనే. కాబట్టి పెకింగ్ అనేది కాంటనీస్ వాళ్ల దగ్గర విన్న మాట అయ్యుండాలి. చిక్కు విడిపోయినట్టేగా?

లిపిగోల
లారీ గారూ, ఇంటర్నెట్‌లో సగం చోట్ల ఇదే సమాధానం కనిపిస్తుంది. సగం దారి వరకే తీసుకెళ్తుంది. రెండో భాగం 'గింగ్' సరిపోయినట్టే ఉంది, మరి మొదటి భాగం? కాంటనీస్‌లో ఉత్తరాన్ని 'పక్' అంటారు, చివర క కచ్చితంగా పలుకుతుంది. వాళ్ల దగ్గర విని ఉంటే ఇంగ్లిష్‌లో 'పక్‌కింగ్' అని రావాలి. మనకు వచ్చింది 'పె'. ఆ 'పె' నాన్‌జింగ్ యాసలోది. అక్కడ ఉత్తరం అనే మాట 'పె' అని మొదలై గొంతులోనే తెగిపోయినట్టు ఆగుతుంది.

ఇంకో సంగతి, ఈ స్పెల్లింగు బ్రిటిష్ వాళ్లు పుట్టించింది కాదు. ఇటలీకి చెందిన మార్తీనో మార్తీనీ అనే జెసూట్ మిషనరీ చైనాలో తిరిగి వేసిన అట్లాసు 1655లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. పెకింగ్ అందులోనే ఉంది. ఆ కాలంలో చైనా అధికారులు దేశమంతటా మాట్లాడుకునే మర్యాద భాషకు నాన్‌జింగ్ ఉచ్చారణ గీటురాయి. జెసూట్లు నేర్చుకున్నది ఆ భాషే. ఆ ఉచ్చారణలో రాజధాని అనే మాట నిజంగానే 'కింగ్'. వాళ్లు తప్పు వినలేదు, నోరు తిరగకా కాదు. విన్నది విన్నట్టు రాశారు.

తర్వాత మారింది చైనీయుల ఉచ్చారణే. ఉత్తరాది మాండరిన్‌లో 'ఇ' ధ్వని ముందున్న 'క' మెల్లగా 'చ' వైపు జరిగింది. కింగ్ చింగ్ అయింది. 1743 నాటికి పెకింగ్‌లో పాత క మాటలకూ పాత ట్స మాటలకూ ఉన్న తేడా చెరిగిపోతోందని, ఏ మాట ఏ వర్గానికి చెందిందో గుర్తు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా పుస్తకం రాసుకోవాల్సి వచ్చింది. ఊరివాళ్లు మారిపోయారు, యూరప్ మ్యాపుల్లో పాత ఉచ్చారణ అలాగే అచ్చులో ఉండిపోయింది.

పాత_అట్లాస్
అంటే మ్యాపులో ఉన్నది పాత చైనా ఉచ్చారణా! కానీ లిపిగోల గారూ, క ఎలా చ అవుతుందండీ? ఒకటి గొంతు దగ్గర, ఒకటి అంగిలి దగ్గర. మనుషులు ఊరికే అలా మార్చేసుకుంటారా?

బళ్లారి_బస్సు
అట్లాస్ గారూ, మీరు రోజూ మార్చేస్తున్నారు, గమనించలేదు అంతే. మాది బళ్లారి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. చిన్నప్పటి నుంచి మాకు తెలిసిన కిటుకు ఇది. కన్నడంలో కివి, తెలుగులో చెవి. కన్నడంలో కెరె, తెలుగులో చెరువు. కెడు - చెడు. కిచ్చు - చిచ్చు. కై - చెయ్యి. కన్నడం క దగ్గరే ఆగిపోయింది, తెలుగు చ దాకా వచ్చేసింది. అన్నిట్లోనూ క తర్వాత ఉన్నది ఇ గానీ ఎ గానీ, లేదా ఒకప్పుడు ఎ ఉన్న చోటు.

లిపిగోల
నేను చెప్పబోయింది బస్సు గారు ముందే చెప్పేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద రాసినవాటిలో దీన్ని తాలవ్యీకరణం కింద వివరించారు. ఇ, ఎ పలకాలంటే నాలుక ముందుకొచ్చి అంగిలి దగ్గరికి లేస్తుంది. దాని ముందున్న క పలికేటప్పుడే నాలుక తర్వాతి అచ్చుకు సిద్ధపడి ముందుకు జరుగుతుంది. తరాలు గడిచేసరికి అది చ దగ్గర స్థిరపడుతుంది. తెలుగులో ఇది నన్నయ కాలానికి చాలా ముందే జరిగిపోయింది. తమిళంలో సగమే జరిగింది: చెవి వాళ్లకూ 'సెవి'నే, కానీ చెడు మాత్రం 'కెడు'గా మిగిలింది. పెకింగ్‌లో జరిగింది మన కంటే ఎంతో ఆలస్యంగా, కాబట్టి యూరప్ వాళ్ల రాతల్లో పాత రూపం దొరికింది.

కొండపల్లి_బొమ్మ
మరి 'కింద' ఎందుకు 'చింద' కాలేదు సార్? రూలు అందరికీ ఒకటే కదా.

లిపిగోల
కింద పాత రూపం క్రింద. క కీ ఇ కీ మధ్య ర అడ్డం ఉంది. ఆ ర జారిపోయే నాటికి మార్పు కాలం అయిపోయింది. ఇక కీర్తి, కిటికీ లాంటివి తర్వాత బయటి నుంచి వచ్చినవి, వాటికి ఈ రూలు తగల్లేదు. మంచి ప్రశ్నే, గోడ కుర్చీ అక్కర్లేదు.

ఎంబీబీఎస్_చైనా
నేను చైనాలో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడ మా చైనీస్ టీచరు ఒకసారి చెప్పారు, దీనికి పక్క దేశాల్లో సాక్ష్యం ఉందని. టోక్యో అనే పేరును జపాన్ వాళ్లు రాసేది కూడా చైనా అక్షరాలతోనే: తూర్పు, రాజధాని. అందులో 'క్యో', బీజింగ్‌లో 'జింగ్' ఒకటే అక్షరం. క్యోటోలో మొదటి అక్షరమూ అదే. వియత్నాంలో హనోయి పాత పేరు 'డోంగ్ కిన్', అదీ తూర్పు రాజధానే. దాన్నే ఫ్రెంచి వాళ్లు టోంకిన్ అన్నారు. బీజింగ్‌ను వియత్నాం వాళ్లు ఇప్పటికీ 'బాక్ కిన్' అంటారు. వీళ్లంతా ఆ అక్షరాన్ని చైనా నుంచి తీసుకున్నది క ఇంకా క గా ఉన్న రోజుల్లో. చైనా తర్వాత మారింది, తీసుకున్నవాళ్లు మారలేదు.

రాత్రి_డ్యూటీ
దీనికి తోడు ఇంకోటి. మారింది ముఖ్యంగా ఇంగ్లిష్ వాళ్లే. జర్మన్లకు ఇప్పటికీ పెకింగ్, ఇటలీ వాళ్లకు పెకీనో, రష్యన్లకు పెకిన్, జపాన్ వాళ్లకూ పెకిన్. ఫ్రెంచి పత్రికలు తెరిచినా ఆ పాత రూపమే. వాళ్లనెవరూ వలసవాదులనడం లేదు. వాట్సాప్ పెద్దమనిషికి ఇది చూపించండి అట్లాస్ గారూ.

సరుకు_లారీ
సరే, పెకింగ్ కాంటన్ సరుకు కాదని ఒప్పుకుంటాను. మరి కాంటన్ ఏమిటి? ఊరి పేరు గ్వాంగ్‌జౌ. దానికీ కాంటన్‌కీ చుట్టరికం ఎక్కడుంది?

లిపిగోల
అది ఊరి పేరు కాదు, రాష్ట్రం పేరు. ఆ ప్రాంతం గ్వాంగ్‌డాంగ్. పోర్చుగీసు వాళ్లు దాన్ని 'కంతావ్' అన్నారు, ఇంగ్లిష్‌లో కాంటన్ అయి ఊరికి అతుక్కుంది.

సరుకు_లారీ
అక్కడ ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద ఎగ్జిబిషన్ పేరు అధికారికంగా చైనా దిగుమతి ఎగుమతి ప్రదర్శన. 1957 నుంచీ నడుస్తోంది. కానీ ఆర్గనైజర్ల బ్యానర్ల మీద కూడా కాంటన్ ఫెయిరే. 600 మీటర్ల టవరు కట్టి దానికి 2010లో ఇంగ్లిష్‌లో పెట్టుకున్న పేరు కాంటన్ టవర్. అంటే పాత పేర్లను వాళ్లేమీ తరిమెయ్యలేదు. బేరం తెచ్చే పేరును ఎవరు వదులుకుంటారు?

ఎంబీబీఎస్_చైనా
అవునన్నా. బీజింగ్‌లోని పెద్ద యూనివర్సిటీ తన పేరును ఇంగ్లిష్‌లో ఇప్పటికీ పెకింగ్ యూనివర్సిటీ అనే రాసుకుంటుంది. 1898లో మొదలైంది, ఆ పేరుకున్న గౌరవం పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టం లేదు. దాని పక్కనున్న త్సింగ్‌హువా కూడా పాత స్పెల్లింగులోనే ఉంది, కొత్త పద్ధతిలో రాస్తే 'చింగ్‌హువా' లాగా మారిపోతుంది. పెకింగ్ డక్ కూడా మెనూలో పెకింగ్ డక్కే.

ఖాళీ_కుర్చీ
కుక్కను మరిచిపోయారు. పెకినీస్ అనే చిన్న బొచ్చు కుక్క. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు అక్కడి వేసవి రాజభవనాన్ని దోచుకున్నప్పుడు ఆ కుక్కల్ని కూడా ఎత్తుకెళ్లారు. వాటిలో ఒకదాన్ని విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? లూటీ. మన దేశం నుంచి పట్టుకెళ్లిన మాటనే చైనాలో కొట్టేసిన కుక్కకు పెట్టారు. సిగ్గుపడకపోగా ముద్దుగా పిలుచుకున్నారు.

పాత_అట్లాస్
ఇంకో అనుమానం. నా మ్యాపుల్లో టియెన్‌ట్సిన్ అని ఉంది, ఇప్పుడది టియాన్‌జిన్. పెకింగ్‌లో 'కింగ్' జింగ్ అయింది, సరే. టియెన్‌ట్సిన్‌లో 'ట్సిన్' కూడా జిన్ అయింది. క అయినా ట్స అయినా చివరికి జ యేనా? చుంగ్‌కింగ్, ట్సింగ్‌టావ్ కూడా అలాగే రెండూ ఇప్పుడు ఒకే అక్షరంతో రాస్తున్నారు.

లిపిగోల
ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

పాత చైనా ఉచ్చారణలో ఇవి రెండు వేర్వేరు వర్గాలు. పెకింగ్, నాన్‌కింగ్, చుంగ్‌కింగ్‌లలో ఉన్నది క వర్గం. టియెన్‌ట్సిన్, ట్సింగ్‌టావ్, త్సింగ్‌హువాలలో ఉన్నది ట్స వర్గం. ఉత్తరాది ఉచ్చారణలో ఇ ముందు రెండూ కదిలి ఒకే చోట, చ దగ్గర, కలిసిపోయాయి. పిన్‌యిన్ ఇవాళ్టి ఉచ్చారణ రాస్తుంది కాబట్టి దానికి రెండూ ఒకటే. పాత స్పెల్లింగు చూస్తే ఏది ఏ వర్గం నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు.

ట్స వర్గానికీ మన దగ్గర ఉదాహరణ ఉంది. చలి, చాప, చుట్టం అనండి. మీది కోస్తా అయినా తెలంగాణ అయినా నాలుక పళ్ల వెనక తగులుతుంది, ట్స లాగా. పాత పుస్తకాల్లో దీనికి వేరే గుర్తు వేసి ౘ అని రాసేవారు. ఇప్పుడు చిన్న, చెట్టు అనండి. నాలుక అంగిలికి పోతుంది. ఇ, ఎ ముందు అచ్చ తెలుగులో ౘ నిలబడదు. టియెన్‌ట్సిన్‌కు పట్టిన గతే.

రెండు వర్గాలు ఒకటైపోవడమూ మనకు కొత్త కాదు. చావు, చెవి రెండూ చ తోనే రాస్తాం. కన్నడంలో ఒకటి సావు, ఇంకోటి కివి. ఇవి వేరు వేరు మూలాలని తెలుగు మాత్రమే చూస్తే తెలియదు.

బళ్లారి_బస్సు
మా అవ్వ కన్నడం, తెలుగు కలిపి కొట్టేది, "కివి కేళల్ల, చెవి వినదు" అని రెండూ చెప్పేది నిర్ధారణ కోసం. ఆమెకు లిపిగోల గారి పరిచయం ఉండాల్సింది.

ఎంబీబీఎస్_చైనా
పెకింగ్ ఒపెరాలో పాడేవాళ్లు ఇప్పటికీ ట్స వర్గాన్ని ట్స గానే పలకాలట. మామూలు మాటల్లో పోయిన తేడాను పాటలో కాపాడుకుంటున్నారు. మా హాస్టల్ పక్కన ఒక పెద్దాయన సాధన చేస్తుంటే మా క్లాస్‌మేట్ చెప్పింది.

పాత_అట్లాస్
మరి ఇంగ్లిష్ వాళ్లు ఇన్నాళ్లూ ఎందుకు పట్టుకుని వేలాడారు? పందొమ్మిదో శతాబ్దంలో బీజింగ్‌లోనే రాయబార కార్యాలయాలు ఉన్నాయి కదా, చింగ్ అని చెవులకు వినబడదా?

రాత్రి_డ్యూటీ
వినబడింది. థామస్ వేడ్ అనే బ్రిటిష్ దౌత్యవేత్త పెకింగ్ ఉచ్చారణనే ఆధారం చేసుకుని ఒక పద్ధతి తయారుచేశాడు, తర్వాత హెర్బర్ట్ జైల్స్ దాన్ని మెరుగుపరిచాడు. అందులో ఊరి పేరు 'పే-చింగ్'. చైనా చరిత్ర పుస్తకాలు రాసిన పండితులంతా ఆ పద్ధతే వాడారు. కానీ ఉత్తరాల మీద ముద్ర వేసేది పండితులు కాదు. చైనా తపాలా శాఖ 1896లో మొదలైంది, అప్పట్లో అది రాబర్ట్ హార్ట్ అనే ఉత్తర ఐర్లాండ్ మనిషి నడిపే కస్టమ్స్ శాఖ కింద ఉండేది. 1906లో షాంఘైలో సమావేశం పెట్టి ఊళ్ల పేర్లకు రోమన్ స్పెల్లింగులు ఖాయం చేశారు. అప్పటికే వాడుకలో స్థిరపడిన పేర్లు కదిలించవద్దన్నారు, మిగతావాటికి నాన్‌జింగ్ తరహా ఉచ్చారణ తీసుకున్నారు. పోస్టాఫీసు ముద్ర, టెలిగ్రాఫ్, మ్యాపు, అన్నిటిలో పెకింగ్ అచ్చయిపోయింది. వేడ్ గారి పే-చింగ్ లైబ్రరీ దాటి వీధిలోకి రాలేదు.

కొండపల్లి_బొమ్మ
చివరికి తపాలా శాఖ మాటే చెల్లింది అన్నమాట. మనకు రైల్వే ఎలాగో అలా. విజయవాడ స్టేషన్ కోడు ఇప్పటికీ బీజడ్ఏ, బెజవాడే. ఏలూరు డబుల్ ఈ, 'ఎల్లోర్' పుణ్యం. కాకినాడ టౌను సీసీటీ, 'కోకనాడ'. చెన్నై సెంట్రల్ ఎంఏఎస్. బోర్డులు మారాయి, కోడులు మారలేదు.

రాత్రి_డ్యూటీ
విమానాలకూ అంతే బొమ్మ గారూ. బీజింగ్ పీఈకే, నాన్‌జింగ్ ఎన్‌కేజీ, చోంగ్‌చింగ్ సీకేజీ. మూడింటిలోనూ ఆ పాత క కూర్చుని ఉంది చూడండి. గ్వాంగ్‌జౌ సీఏఎన్, చింగ్‌డావ్ టీఏఓ.

అట్లాస్ గారి ప్రశ్న అయిపోయింది కాబట్టి నాదొకటి. ఇంగ్లిష్ టీవీ యాంకర్లు చాలామంది బీజింగ్‌లోని జ ను మెజర్, ప్లెజర్‌లలో వినిపించే ధ్వనిలా పలుకుతారు. పరాయి పేరంటే ఆ ధ్వనే ఉండాలని వాళ్లకో నమ్మకం. తాజ్ మహల్‌ను కూడా అలాగే నలుపుతారు. చైనా వాళ్లు అలా అనరని తెలుసు. మరి అసలు ఎలా అంటారు?

ఎంబీబీఎస్_చైనా
తెలుగు లిపిలో రాయమంటే నేను 'పెయ్‌చింగ్' అని రాస్తాను. నిజంగా. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను బీజింగ్ అంటుంటే రూమ్మేట్‌కు అర్థం కాక టెన్షన్ పడ్డాను. పెయ్‌చింగ్ అన్నాక వెంటనే పట్టేసింది.

లిపిగోల
ఆవిడ చెప్పింది శాస్త్రం ప్రకారం కూడా సరైందే. చైనీస్‌లో మన బ లాంటి నాదం ఉన్న ధ్వని ఈ మాటలో లేదు. అక్కడున్నది అల్పప్రాణం ప, మహాప్రాణం ప. మనకు ప, ఒత్తుతో పలికే ఫ ఉన్నట్టు. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో వచ్చే ప ఎప్పుడూ కొంచెం ఊపిరి కలిసే వస్తుంది కాబట్టి, ఊపిరి లేని మామూలు ప వాళ్ల చెవికి బ లాగా తోస్తుంది. పిన్‌యిన్‌లో అల్పప్రాణానికి 'బి' అక్షరం వాడారు, మహాప్రాణానికి 'పి' వాడారు. ఇంగ్లిష్ పాఠకుడికి అది ఇబ్బంది లేదు. మనం ఆ 'బి' చూసి బ అనేస్తున్నాం. జ విషయమూ ఇదే, అక్కడ ఉన్నది చిన్నలోని చి. మొదటి అక్షరం వరకు తెలుగువాడికి పాత పెకింగే దగ్గర.

రాత్రి_డ్యూటీ
అయితే తైపే సంగతి చూడండి. తైవాన్ రాజధాని. అందులోని 'పే', బీజింగ్‌లోని 'బీ' ఒకటే అక్షరం, ఉత్తరం. తైవాన్ వాళ్లు పాత వేడ్ పద్ధతిలో రాసుకున్నారు కాబట్టి మన పేపర్లో పే అని వస్తుంది. చైనా పిన్‌యిన్‌లో రాసింది కాబట్టి బీ అని వస్తుంది. ఒకే పేజీలో రెండు వార్తలు పక్కపక్కన వేసి, తేడా పట్టించుకోకుండానే ఇంటికెళ్లి పడుకున్నాను ఎన్నోసార్లు. మావోకు కూడా రెండు అవతారాలు: పాత వ్యాసాల్లో మావో సే టుంగ్, కొత్తవాటిలో మావో జెడాంగ్. మనిషి ఒక్కడే.

ఖాళీ_కుర్చీ
మరి ఇక నుంచి పెయ్‌చింగ్ అని వేస్తారా?

రాత్రి_డ్యూటీ
వేయను సార్. రేపు పొద్దున్న పాఠకుడు ఫోన్ చేసి ఏ ఊరండీ ఇది అంటాడు. 'బీ'కి దీర్ఘం ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, అది ఇంగ్లిష్‌లోని రెండు అచ్చులు చూసి మనవాళ్లు పెట్టుకున్నదే, అయినా జనం అలవాటు పడ్డారు. కొత్తగా వచ్చే పేర్లను మాత్రం చైనీస్ ఉచ్చారణ విని రాయమని మా కుర్రాళ్లకు చెబుతాను. చాంగ్‌చింగ్ అని ఒకరు, చోంగ్‌క్వింగ్ అని ఒకరు రాస్తున్నారు. 'క్యూ' కనిపించగానే క్వ అనేస్తే ఎలా.

కొండపల్లి_బొమ్మ
ఒక చిన్న ప్రశ్న. మా రాయలసీమ స్నేహితులు బత్తాయిని చీనీకాయ అంటారు. ఆ చీనీ ఈ చైనాయేనా?

నిర్వాహకుడు
బొమ్మ గారూ, బత్తాయికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ మొదలైతే చీనాంబరం, చీనీ చక్కెర అన్నీ వచ్చేస్తాయి.

సరుకు_లారీ
చివరగా పనికొచ్చే ముక్క ఒకటి అడుగుతా. వచ్చే ట్రిప్పులో బీజింగ్ మీదుగా రావాలి. టికెట్ సైట్‌లో పీఈకే కాక పీకేఎక్స్ అని ఇంకోటి చూపిస్తోంది. అదేమిటి?

ఎంబీబీఎస్_చైనా
అది డాషింగ్ ఎయిర్‌పోర్టు అన్నా, 2019లో తెరిచారు, ఊరికి దక్షిణాన చాలా దూరం. కొత్తగా కట్టినదానికి కూడా కోడులో పీ, కే ఇచ్చారు చూడండి. పీఈకే పాతది, ఈశాన్యం వైపు. రాక ఒకదాంట్లో, పోక ఇంకోదాంట్లో పడితే మధ్యలో నగరం మొత్తం దాటాలి. రెండు టికెట్ల మీదా మూడో అక్షరం దాకా చూసి బుక్ చేయండి.